పాపయ్య మీసం పెట్టిన కుండ

వాగు గట్టు కింద ఆ ఉదయం ఆరుగురు నిలబడి ఉన్నారు. తుపాకి మాత్రం ఒక్కటే. అయిదుగురు మగవాళ్లు, ఆరో మనిషి ఉప్పలమ్మ. ఆమెకు ఉరుమంటేనే పడదు. మబ్బు కమ్మితే చాలు, మంచె దిగి గుడిసెలో దూరి దుప్పటి ముసుగు పెట్టేది. అలాంటి మనిషి తుపాకి పట్టడానికి ఎందుకొచ్చినట్టు? రాక తప్పలేదు కనుక. మొదటి విడతగా ఆరిళ్ల నుంచి ఇంటికొకరు రావాలని ఊళ్లో మాట అనుకున్నారు. ఆమె ఇంటి నుంచి రావాల్సిన మొగుడు పాపయ్య రెండు నెలలుగా నల్లగొండ జైల్లో ఉన్నాడు.

నలభై ఎనిమిదో సంవత్సరం మాఘమాసం. చివ్వెంలకు రెండు క్రోసుల దూరంలో ఉన్న ఆ పల్లెకు అంతకు పది రోజుల ముందే పక్క ఊరి నుంచి పొగ వాసన వచ్చింది. రజాకార్లు ఇళ్లకు నిప్పు పెట్టిపోయారు. ఈసారి ఇటే వస్తారని చెప్పడానికి జోస్యం అక్కర్లేదు. అందుకే రజాకార్లతో పోరాడే దళం వాళ్లు ఒక తుపాకి ఇచ్చి సుధాకర్‌ని పంపారు. కోదాడ వైపు కుర్రాడు, హైస్కూలు దాకా చదివాడు. మెత్తగా మాట్లాడతాడు కానీ అన్నమాట అన్నట్టే జరగాలంటాడు.

"మందు ఆరు దెబ్బలకే ఉంది. మనిషికొకటి," అన్నాడతను, గొట్టంలో మందు కూరుతూ. "ఒక్కరు కొట్టినా తుపాకి మీ ఊళ్లోనే ఉంటుంది. ఎవరూ కొట్టలేకపోతే సాయంత్రం మాడుగులపల్లికి తీసుకెళ్లిపోతాను. వాళ్లూ అడుగుతున్నారు. కొట్టలేని చోట తుపాకి ఉంచి ఏం లాభం?"

ఇంతవరకూ బాగానే ఉంది. అతను చేసిన పొరపాటల్లా గురి కోసం తెచ్చిన కుండ. వచ్చే దారిలో ఒక జొన్నచేలో కర్రకు బోర్లించిన కుండ కనబడింది. సున్నంతో కళ్లూ, ముక్కూ, మీసమూ పెట్టి ఉంది. దూరం నుంచి బాగా కనబడుతుంది కదా అని కర్రతో సహా పీక్కొచ్చి నలభై అడుగుల దూరంలో పాతాడు.

దాన్ని చూడగానే ఉప్పలమ్మ గుర్తుపట్టింది. అది తమ చేని దిష్టికుండ. ఆ మీసం పాపయ్య పెట్టింది. ఎడమ వైపు జానెడు, కుడి వైపు బెత్తెడు. వంకరగా వచ్చిందని ఆమె నవ్వితే, "గిట్లుంటెనే ఎవని కన్నూ పడది," అన్నాడు. ఆ తర్వాత మూడో రోజే పోలీసులు అతన్ని పట్టుకుపోయారు.

కుండ మాదని చెప్పొచ్చు కదా అంటే, ఎలా చెబుతుంది? ముందురోజు సాయంత్రమే సుధాకర్ ఊళ్లో కూర్చోబెట్టి దిష్టీ లేదు, దయ్యమూ లేదని గంటసేపు చెప్పాడు. పనిలో పనిగా కల్లు మానమనీ చెప్పాడు. అందరూ తల ఊపారు. ఉప్పలమ్మ అందరికన్నా ఎక్కువ ఊపింది. అంత ఊపిన తలతో తెల్లారేసరికి నా దిష్టికుండ నాకియ్యమని అడగడానికి నోరు రాలేదు.

ఉప్పలమ్మ దెబ్బదెబ్బకూ చెవులు గట్టిగా మూసుకుంది. మొదట దుర్గయ్య కాల్చాడు. గుండు మేఘాల్లోకి పోయింది. సోమ్లా కాల్చింది ఇసుకలో దిగబడింది. తర్వాతి ఇద్దరూ గట్టును కొట్టారు. అయిదోవాడు మైసయ్య. పాపయ్యకు అన్న వరస. వడిసెల తిప్పాడంటే పరుగెత్తే కుందేలును రాయితో పడగొడతాడు. అతని దెబ్బ కుండకు బారెడు పక్కనున్న తుమ్మచెట్టుకు తగిలింది. సుధాకర్ మొహం మాడిపోయింది.

ఇక మిగిలింది ఒక్క దెబ్బ, ఒక్క ఉప్పలమ్మ. నాలుగు అడుగులు ముందుకు వేసి అరచేతులు కొంగుకు తుడుచుకుంది. ఊరి తుపాకి ఉండడమో పోవడమో ఇప్పుడు తన చేతిలో పడింది. సుధాకర్ తుపాకి మడమను ఆమె భుజానికి ఆనించాడు.

"ఒక కన్ను మూయండి, అక్కా."

ఆమె మూసింది. రెండూ మూతపడ్డాయి. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

మళ్లీ తెరిచి చూస్తే గొట్టం చివర పాపయ్య మీసం కనబడింది. వేలు బిగుసుకుపోయింది. అప్పుడు తోచిందామెకు. మైసయ్య బావ బారెడు తప్పడమేమిటి? మంచె మీంచి చిలకను రాయితో కొట్టే దుర్గయ్య మేఘాన్ని కొట్టడమేమిటి? కొత్త తుపాకి అయితే మాత్రం అయిదుగురూ ఇంతింత దూరమా?

తుపాకి దించి వెనక్కి తిరిగింది. ఒక్కడూ ఆమె మొహం చూడలేదు. మైసయ్య కాలి బొటనవేలితో ఇసుక గీరుతున్నాడు.

"బావా, నువ్వు నిజంగ తప్పినవా?"

"చెయ్యి జారింది."

"నీ చెయ్యి జారుడు నేను కాపురానికి వచ్చినకాడికెల్లి సూడలే."

మైసయ్య ఇసుక గీరడం ఆపాడు. "అది పాపయ్య పెట్టిన కుండ," అన్నాడు. "ఆడు జైల్ల ఉండంగ నేనెట్ల పలగ్గొట్టాలె? ఆనికేమన్న అయితే నీకేం జవాబు చెప్పాలె?"

"నేను ఇడిస్తె ఎనకాయన కొడ్తడనుకున్న," అన్నాడు దుర్గయ్య.

సుధాకర్ ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. "ముందే చెప్పొచ్చు కదండీ?"

"దిష్టి లేదని నువ్వే చెప్తివి," అన్నాడు సోమ్లా. "మేము తలకాయ ఊపితిమి. ఊపినంక ఎట్ల చెప్పేది?"

సుధాకర్ తల పట్టుకుని ఇసుకలో చతికిలబడ్డాడు. ఉప్పలమ్మకు ముందు ఒళ్లు మండింది. కుండ కోసం ఊరిని కాల్చుకుంటారా ఈ మనుషులు అనుకుంది. మరుక్షణమే ఆ కోపం దిగిపోయింది. అయిదుగురు అయిదు దెబ్బలు పాడు చేసుకున్నారు, ఆమె మొగుడు క్షేమంగా ఉండాలని.

తుపాకి సుధాకర్‌కిచ్చి, నడిచి వెళ్లి, కుండ తీసి చెట్టు నీడలో పెట్టింది. "దీని జాగల ఇంకోటి పెట్టుండ్రి."

ఇంకోటి ఎక్కడుంది? కొంతసేపు తటపటాయించి దుర్గయ్య పొదలోకి వెళ్లి ఖాళీ కల్లు లొట్టి తెచ్చాడు. సుధాకర్ దాన్ని చూశాడు, దుర్గయ్యను చూశాడు, తీసుకెళ్లి కర్రకు బోర్లించాడు.

"నువ్వు కొట్టు బావా," అంది ఉప్పలమ్మ.

"మా వంతులు అయిపోయినయి. నీదే ఉన్నది," అన్నాడు మైసయ్య. "మంచె మీద నిలబడ్డట్టు నిలబడు. కన్ను మూసుడు గిట్ల నీతోని కాదు. రెండూ తెరిచే ఉంచు."

ఆమె ఎడమ కాలు ముందుకు వేసింది. పదిహేనేళ్లుగా మంచె మీద నిలబడే తీరు అదే. పిట్టలను కొట్టేముందు అరిచే అలవాటు కొద్దీ నోటి నుంచి "హోయ్" అని వచ్చింది. ఆ అరుపుతోనే వేలు కదిలింది.

పిడుగు పడ్డట్టు మోగింది. తేరుకునేసరికి ఆమె ఇసుకలో కూర్చుని ఉంది, చెవుల్లో గుయ్యిమంటోంది, భుజం మండుతోంది. ఎవరూ మాట్లాడడం లేదేమిటని భయపడింది. మాట్లాడుతూనే ఉన్నారు, ఆమెకే వినపడలేదు. పొగ విచ్చిన తర్వాత చూస్తే కర్ర మాత్రమే ఉంది. చుట్టూ లొట్టి పెంకులు.

"ఇంతేనా," అంది ఉప్పలమ్మ. ఇన్నేళ్లూ ఈ చప్పుడుకేనా దుప్పటి ముసుగు పెట్టింది అనుకుంటే నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చేసింది. రెండు నెలలుగా గుండె మీద ఉన్న బరువు కొంత దిగింది. మైసయ్య తువ్వాల ఇస్తే మొహం తుడుచుకుంది.

సుధాకర్ తుపాకి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. "ఇది మీ ఊరిదే, అక్కా. రేపు మందు పంపిస్తాను. ఈసారి గురికి ఏది పెట్టాలో మీరే చెప్పండి."

ఉప్పలమ్మ తుపాకిని మైసయ్య చేతికిచ్చి, కుండను చంకన పెట్టుకుని, కర్ర పీక్కుని చేనికి వెళ్లింది. పాత చోటే కర్ర నాటి, కుండ బోర్లించి, కొంగుతో దుమ్ము తుడిచింది. తెచ్చిన ఊపుకు ఎడమ మీసం కొసన సున్నం కాస్త రాలింది. తాను దిద్దుదామని వేలు పెట్టి, మానుకుంది.

"నీ మీసం కోసం ఊరు తుపాకినే ఇడుసుకునేటట్టుండె," అంది కుండతో. "జెల్ది రా. వచ్చి నువ్వే దిద్దుకో."

తర్వాత మంచె ఎక్కింది. చాలా రోజులకు ఆకలేసి సద్దిమూట విప్పింది.