వీధి దాటిన వంట

కిన్సేల్ రేవులో ఓర్లా టూహీ వంటకి దేశంలోకెల్లా పెద్ద అవార్డు వచ్చింది. ఆ వారమే వ్యాపార భాగస్వామి కోనల్ క్రీగన్ ఆమెను తమ హోటల్లోంచి గెంటేశాడు.

"కోపమొస్తే గరిటెలు విసురుతావు. నీ నోటికి జడిసి పనివాళ్లు నిలవట్లేదు, పో" అన్నాడు. అవార్డు ఫలకం మాత్రం తన గోడకే ఉంచుకున్నాడు.

ఓర్లా ఏడవలేదు. ఎదురుగా మూతబడ్డ పడవల కొట్టు అద్దెకు తీసుకుని పొయ్యి వెలిగించింది. నోరు అదుపులో పెట్టుకుని, అతని వంటవాళ్లను ఒక్కొక్కరినే తనవైపు లాక్కుంది. మిగిలిన ఇద్దరినీ మాత్రం కావాలనే అక్కడే ఆగమంది. అవార్డు కమిటీ మళ్లీ అతని హోటల్లో భోజనానికి కూర్చున్న ఆదివారం మధ్యాహ్నం, వాళ్లిద్దరూ పొయ్యిలార్పేసి వీధి దాటి వచ్చేశారు.

కాసేపటికి క్రీగన్ ఆమె గుమ్మంలో నిలబడ్డాడు, ముఖం పాలిపోయి.

"ఓర్లా, నా పరువు పోతోంది. ఈ ఒక్కపూట వచ్చి వండిపెట్టు, నీకు పుణ్యముంటుంది."

"నేను రాను. కమిటీవాళ్లనే ఇక్కడికి తీసుకురా. ఆ అవార్డు ఎవరి చేతివంటకి వచ్చిందో అందరి ముందూ చెప్పు."

అతను తీసుకొచ్చాడు. తలొంచుకుని చెప్పాడు.

"వెనకవాళ్లకి వినపడలేదు కోనల్, గట్టిగా!"

మళ్లీ చెప్పాడు. ఓర్లా అతని చేతికి చాకిచ్చి, బంగాళాదుంపల బుట్ట చూపించింది.

"వంటకి చెయ్యి తక్కువైంది. కూర్చుని తొక్క తియ్."

ఖరీదైన కోటుతోనే కూర్చుని తీశాడు. కమిటీవాళ్లు ఆమె చేపల పులుసు లొట్టలేసుకుంటూ తిన్నారు. అయినా ఓర్లా కడుపుమంట చల్లారలేదు. అతను లేవబోతుంటే ఇంకో బుట్ట కాలితో ముందుకు తోసింది.