సెప్పె అభిమానుల బస్సు

ఆదివారం పొద్దున్న తొమ్మిదికి ఫిర్మిన్ కేఫ్ ముందు బస్సెక్కిన గోడెలీవ్‌ని ఒక్కరూ పలకరించలేదు. పలకరించకపోతే పోయారు. ఆవిడేమీ వాళ్ళ కుశల ప్రశ్నల కోసం రాలేదు. పదకొండు శీతాకాలాలు సెప్పె ఎక్కడ పోటీ పడితే అక్కడికి, వానా మంచూ అనకుండా, ఈ బస్సులోనే తిరిగిన మనిషి. సెప్పె వాళ్ళ ఊరి కుర్రాడు. బురదలోనూ ఇసుకలోనూ సైకిలు తొక్కి, తొక్కలేని చోట దాన్ని భుజాన వేసుకుని పరిగెత్తే పోటీల్లో దేశానికి రెండోవాడు. ఒకటోవాడు లాండర్. ఆ పేరు ఈ బస్సులో ఎవరూ తిట్టు చేర్చకుండా పలకరు.

ఇప్పుడు ఆ లాండర్ సైకిళ్ళు కడిగి బాగుచేసేది గోడెలీవ్ కొడుకు లోవీ. అదీ గొడవ.

లోవీ నాలుగేళ్ళు సెప్పె దగ్గరే మెకానిక్‌గా చేశాడు. జనవరిలో జాతీయ పోటీ చివరి చుట్టులో సెప్పె సైకిలు గొలుసు తెగింది. గొలుసన్నాక తెగుతుంది. కానీ సెప్పె మేనత్త జోసియాన్ కేఫ్‌లో అందరి ముందూ, "కావాలనే చేశాడు" అనేసింది. అంతే, ఊరు ఊరంతా అదే పాట. వేసవి దాకా ఓర్చుకుని, అక్టోబరులో వాడు అవతలి పక్షానికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి గోడెలీవ్ బస్సెక్కడం మానేసింది. అవతలివాళ్ళయినా వాడిని నెత్తిన పెట్టుకున్నారా అంటే అదీ లేదు. క్రిస్మస్ దాకా చూసి చెబుతాం అన్నారు.

గురువారం లోవీ ఫోన్ చేశాడు.

"అమ్మా, ఈ ఆదివారంతో నా సంగతి తేలిపోద్ది. పోయిన వారం మనూరోళ్ళు లాండర్ మీద బీరు పోశారు. నేనే ఉసిగొల్పానని అతని అనుమానం, రెండ్రోజులు మాట్లాళ్ళేదు. ఇంకోసారి జరిగితే నన్ను పొమ్మంటారు. ఇటు వీళ్ళూ పొమ్మంటే, అటు సెప్పె దగ్గరికీ పోలేక, ఇక ఈ పనే మానుకోవాలి."

"నన్నేం చెయ్యమంటావురా?"

"నువ్వా బస్సులో వెళ్ళు. నువ్వూ ఒకప్పుడు పోసినదానివే కదా, నీ మాటంటే వింటారు. ఈ ఒక్కసారికి ఆపమ్మా."

"నే చూసుకుంటాలే. నువ్వు బెంగపడకు," అంది గోడెలీవ్.

అందుకే ఎక్కింది. బస్సు కదలగానే జోసియాన్ గొంతు లేచింది.

"ఏం ఫిర్మిన్, ఇది మన సెప్పె బస్సేనా? ఎవరో దారితప్పి ఎక్కినట్టున్నారే!"

"దారితప్పింది నేను కాదే, నీ నాలుక. జనవరిలో బయల్దేరింది, ఇంకా ఇల్లు చేరలా," అంది గోడెలీవ్.

వెనక సీట్లో ఎవరో కిసుక్కున నవ్వి, జోసియాన్ తిరిగి చూడగానే దగ్గినట్టు నటించారు. కేఫ్ యజమానీ, అభిమాన సంఘానికి అధ్యక్షుడూ అయిన ఫిర్మిన్ లేచి నిలబడ్డాడు.

"అక్కా, నీకు సభ్యత్వం ఉంది కాబట్టి ఎక్కావు, కాదన్ను. కానీ అక్కడ మా మధ్యన నిలబడి ఆ లాండర్‌గాడికి చప్పట్లు కొట్టావో, తిరుగు ప్రయాణం కాలినడకే."

"చప్పట్లు కొట్టనులే. మీరూ బీరు పొయ్యొద్దు. మీ కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటా. పోస్తే మావాడి పని పోద్ది."

"పోనీ!" అంది జోసియాన్. "మావాడి పతకం పోలా? బీరు పొయ్యడం మాకు నేర్పిందెవరే? నువ్వు కాదూ? ఇసుక మలుపులో నిలబడి సూటిగా మొహానికి కొట్టడం ఈవిడ దగ్గరే చూశాం. ఇవాళేమో నీతులు!"

గోడెలీవ్‌కి ఒళ్ళు మండింది. మండినా, జోసియాన్ చెప్పింది నిజం.

సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బల మధ్య పోటీ. గాలికి వాన చినుకులు మొహాన గుచ్చుకుంటున్నాయి. సాసేజీలు, వేపుళ్ళ నూనె, తడిసిన ఉన్ని కోట్లు, అన్నీ కలిసిన ఒకటే వాసన. దిబ్బ మీంచి దిగి, ఆటగాళ్ళు సైకిలు భుజాన వేసుకుని పరిగెత్తే మలుపు దగ్గర సెప్పె బృందం ఎప్పటిలాగే తాడు పట్టుకుని నిలబడింది. చెయ్యి చాపితే ఆటగాడి చెవి అందుతుంది. అందరి చేతుల్లోనూ బీరు గ్లాసులు.

గోడెలీవ్ పోటీకి వీపు పెట్టి, సొంత మనుషులకి ఎదురుగా, చేతులు బార్లా చాచి నిలబడింది. అరవై ఒక్కేళ్ళ మనిషి, కోళ్ళని గూట్లోకి అదిలించినట్టు అదిలించింది. లాండర్ వస్తున్నాడని గోల మొదలవగానే ఒకడి గ్లాసు లాక్కుంది, ఇంకొకడి మోచెయ్యి కిందికి నొక్కింది. మొదటి చుట్టులో ఫిర్మిన్ గ్లాసెత్తితే లాక్కుని గడగడా తనే తాగేసింది.

"అయ్యో అక్కా, నా బీరు!"

"ఇంకోటి కొనుక్కో. కొనుక్కుని నోట్లో పోసుకో."

నవ్వారు. నవ్వినవాడు పొయ్యడు, ఆ సంగతి ఆవిడకి తెలుసు. ఆరు చుట్లు అలాగే గడిచాయి. ఒక్క చుక్క కూడా తాడు దాటలేదు. ఆవిడ గొంతు బొంగురుపోయింది, వేళ్ళు కొంకర్లు పోయాయి, కానీ లోపల్లోపల గర్వంగా ఉంది. లోవీకి ఇచ్చిన మాట నిలబెడుతోంది.

ఆఖరి చుట్టు గంట మోగింది. సెప్పె, లాండర్ ఇద్దరూ కలిసే దిబ్బ దిగుతున్నారని మైకులో అరిచారు. జోసియాన్ నిండు గ్లాసు పైకెత్తింది. గోడెలీవ్ దాన్ని కూడా లాక్కుంది. లాక్కుని, ఒక్క తప్పు చేసింది. వెనక్కి తిరిగి చూసింది.

లాండర్ లోపలి వైపు నుంచి దూసుకొచ్చి, సెప్పె ముందు చక్రానికి అడ్డం వచ్చాడు. సెప్పె తలకిందులై ఇసుకలో కూరుకుపోయాడు. ఊయలలో ఉన్నప్పటి నుంచి ఆవిడ ఎత్తుకున్న పిల్లాడు! లాండర్ ఆగలేదు. సైకిలు భుజాన వేసుకుని తాడు పక్కగా పరిగెత్తుకొచ్చాడు. కొడుకు గుర్తుకు రాలేదు, ఇచ్చిన మాట గుర్తుకు రాలేదు. పదకొండేళ్ళ అలవాటు చేతిలోనే ఉంది. ఆ చెయ్యి లేచింది, మణికట్టు తిరిగింది, బీరు మొత్తం సూటిగా లాండర్ కళ్ళలో పడింది.

అబద్ధమెందుకు, ఆ క్షణాన ఆవిడకి హాయిగానే అనిపించింది.

లాండర్ గుడ్డివాడిలా నాలుగడుగులు వేసి, సైకిలెక్కబోయి పడ్డాడు. లేచి, సైకిళ్ళు మార్చే చోట ఉన్న లోవీ దగ్గరికి కుంటుకుంటూ చేరేలోపు, ఇసుకలోంచి లేచిన సెప్పె అతన్ని దాటేశాడు. సెప్పె గెలిచాడు. లాండర్ మూడోవాడయ్యాడు. ఫిర్మిన్ గోడెలీవ్‌ని అమాంతం ఎత్తి తిప్పాడు. అక్టోబరు నుంచి మొహం చూపించని వాళ్ళంతా ఆవిడ వీపు తట్టారు. ఆవిడ చేతిలో ఖాళీ గ్లాసు ఇంకా అలాగే ఉంది.

బస్సులు ఆగిన పొలంలోకి లోవీ పరిగెత్తుకొచ్చాడు. రబ్బరు బూట్లు, ఒళ్ళంతా బురద.

"ఎవరు పోశారు?" అన్నాడు అందరినీ చూస్తూ.

"ఏం పొయ్యడం? మేమేం చూళ్ళేదు," అన్నాడు ఫిర్మిన్.

"వేరే ఊరోళ్ళెవరో అయ్యుంటారు," అంది జోసియాన్, ఎప్పుడూ లేనంత మెత్తగా. బస్సు బస్సంతా ఒకే మాట మీద నిలబడింది. గోడెలీవ్ నోరు విప్పకపోతే ఆ అబద్ధం అలాగే నిలిచేది.

"నేనేరా," అంది.

లోవీ నవ్వాడు. "వీళ్ళని వెనకేసుకు రాకమ్మా. నీకేం పట్టింది?"

"వెనకేసుకు రావట్లేదు. అందరి గ్లాసులూ లాక్కున్నాను. ఆఖర్న నా చేతిలో ఉన్నది నేనే పోశాను. సెప్పె పడ్డాడ్రా, నాకు కళ్ళు కనపళ్ళేదు."



"లాండర్ కళ్ళు కడిగింది నేనేనమ్మా," అన్నాడు. "మంటకి తెరవలేకపోతుంటే, తల ఒళ్ళో పెట్టుకుని సీసాలో నీళ్ళతో కడిగాను. ఇది మా ఊరోళ్ళ పని కాదు, మా అమ్మ ఉందక్కడ, పొయ్యనివ్వదు అని కడుగుతూ ఒట్టేసి చెప్పాను. ఈసారి నా మాట నమ్మాడు కూడా."

"లోవీ..."

"ఇప్పుడెళ్ళి నిజం చెప్పి, నా పనిముట్లు తెచ్చుకుంటా."

వెళ్ళిపోయాడు. వాడు నాలుగు బస్సులు దాటగానే వెనక నుంచి ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఫిర్మిన్ అందుకున్నాడు, బస్సంతా అందుకుంది. గోడెలీవ్! గోడెలీవ్! అని కేకలు. జోసియాన్ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"రావే, చలికి వణికిపోతున్నావు. నా పక్కన కూర్చుందువు గానీ."

నడిచిపోదామంటే ఊరు తొంభై కిలోమీటర్లు. గోడెలీవ్ ఆ చెయ్యి విదిలించుకుని, బస్సెక్కింది.