ఎర్రచుక్క లేని బోల్టు

సైకిళ్ళను లారీలో ఎక్కించడం చూసేవాళ్ళకు సులువుగానే ఉంటుంది. హ్యాండిళ్ళు ఉన్నవి ఉన్నట్టు ఎక్కిస్తే మా లారీలో అరవై కూడా పట్టవు. అందుకే హోసూరు గోడౌన్‌లోనే బోల్టు వదులు చేసి, ప్రతి హ్యాండిలునూ పక్కకు తిప్పేస్తాం. అప్పుడు తొంభై పడతాయి. దించినచోట మళ్ళీ తిన్నగా తిప్పి బిగించాలి. లారీ తోలడం నా పని, బిగించడం మునియప్ప మామ పని. ఆరేళ్ళు అలాగే కలిసి తిరిగాం.

మామకు ఒక అలవాటు. బోల్టు బిగించగానే జేబులోంచి గోళ్ళరంగు సీసా తీసి దానిమీద ఎర్రటి చుక్క పెట్టేవాడు. చుక్క ఉంటే బిగించినట్టు.

"ఏం మామా, అత్త సీసా కొట్టుకొచ్చినావా?" అని ఆటపట్టించేవాణ్ణి.

"నవ్వుకో శేఖరా. మతిమరుపు నాకుంది, చుక్కకు లేదు" అనేవాడు.

మొన్న జూలైలో గురుబరపల్లి దగ్గర ఒక బడికి, పిల్లలకు సర్కారు ఉచితంగా ఇచ్చే తొంభై సైకిళ్ళు దించాం. ఎండ మాడ్చేస్తోంది. ఎనభై బిగించేసరికి మామ నేల మీద చతికిలబడ్డాడు. పొద్దుటినుంచి ఏమీ తినలేదు.

"ఈ పదీ నేను చూసుకుంటాను. నువ్వు పోయి రెండు ముద్దలు తినిరా మామా" అన్నాను.

అది జాలి అని నేను చెప్పుకోవచ్చు. నిజానికి తొందరగా తిరిగి వెళ్ళాలని నా ఆత్రం. ఇంతలో ఓనరు శ్రీరంగప్ప ఫోను చేసి, రెండో లోడు ఎదురు చూస్తోందని అరవడం మొదలుపెట్టాడు. ఫోను చెవికి ఆనించుకునే హ్యాండిళ్ళు తిప్పాను. కొన్ని బిగించాను. తిన్నగా తిప్పిన హ్యాండిలు బిగించినా బిగించకపోయినా ఒకేలా కనిపిస్తుంది.

మామ మూతి తుడుచుకుంటూ వచ్చి సీసా తీశాడు. "ఈ పదికీ చుక్కలు లేవే. ఒక్కొక్కటీ స్పానర్ పెట్టి చూసి వస్తాను, ఉండప్పా."

"ఎంతసేపు ఈడనే ఉంటావు? ఎక్కు మామా!" అని కసిరాను. ఆయన వెనక్కి చూసుకుంటూనే లారీ ఎక్కాడు.

నాలుగు రోజుల తర్వాత శ్రీరంగప్ప మమ్మల్నిద్దరినీ గోడౌన్‌కు పిలిచాడు. పదకొండో తరగతి పిల్ల, భూమిక అంట. దిగుడు దారిలో హ్యాండిలు తిరిగిపోయి పడింది, చెయ్యి విరిగింది. ఫోన్‌లో ఆ సైకిలు ఫోటో చూపించాడు. బోల్టు మీద ఎర్రచుక్క లేదు. చుక్కల సంగతి ఓనరుకు తెలియదు. తెలిసింది మా ఇద్దరికే.

"ఎవురు బిగించింది దీన్ని?"

లారీ పోతే నాకింకో పని రాదు అనుకున్నాను. "బిగించే పని మునియప్పదే కదప్పా" అన్నాను.

అందులో ఒక్క అబద్ధపు మాట లేదు. ఇప్పటికీ నన్ను తినేస్తున్నది అదే.

మామ నా ముఖంలోకి చూశాడు. తిడతాడనుకున్నాను. స్పానర్ బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మరుసటి రోజునుంచి పనికి రావద్దన్నారు. ఇప్పుడు మత్తిగిరిలో ఎవరివో ఆవులు మేపుతున్నాడని విన్నాను.

ఐదు నెలలయ్యాక అదే దారిలో ఇంకో బడికి లోడు పడింది. దించేసి, దారి అడుగుతూ భూమిక ఇంటికి వెళ్ళాను. కనీసం ఆ ఒక్క బోల్టయినా నా చేత్తో బిగిద్దామని స్పానర్ పట్టుకెళ్ళాను. ఆ పిల్లే తలుపు తీసింది. సైకిళ్ళు దించిన డ్రైవర్ని అని చెప్పాను. సైకిలు గోడకు ఆనించి ఉంది. వంగి చూశాను.

బోల్టు మీద ఎర్రచుక్క ఉంది.

"అది బిగించేసినారన్నా" అంది ఆ పిల్ల. "నేను పడిన కొన్నాళ్ళకే ఒక తాత మత్తిగిరినుంచి బస్సులో వచ్చినాడు. తప్పు నాదే పాపా, చూడకుండా లారీ ఎక్కేసినాను అని ఏడ్చినాడు. నా కట్టు చూసి, బోల్టు బిగించి పోయినాడు."

స్పానర్ ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"ఆ తాత తప్పు కాదమ్మా. అది బిగించాల్సింది నేను. ఆయన చూస్తానంటే నేనే చూడనీలేదు" అన్నాను.

కోప్పడుతుందేమోనని చూశాను. కోప్పడినా బాగుండేది. సైకిలు సీటు మీద చెయ్యి వేసి అడిగింది.

"ఈ మాట ఆ తాతకు చెప్పినావా అన్నా?"

ఐదు నెలలుగా రోజుకు రెండుసార్లు మత్తిగిరి మలుపు మీదుగానే లారీ తోలుతున్నాను. ఒక్కసారీ ఆపలేదు.

"ఇంకా లేదమ్మా" అన్నాను.