ఫ్యాన్సీ షాపు బిల్లులు

సౌందర్య, ఆమె భర్త డేవిడ్ ఆ ఆదివారం చర్చిలో ఉండగా, తొర్రూరు బస్టాండు దగ్గర ఆమె నడిపే ఫ్యాన్సీ షాపు షార్ట్ సర్క్యూట్‌తో కాలిపోయింది. ఇద్దరూ పరుగెత్తుకొచ్చేసరికి రిబ్బన్లు, జడక్లిప్పులు కరిగి ముద్దయ్యాయి. గాజులు నల్లబడి పగిలిపోయాయి.

షాపుకు లోను ఇచ్చేటప్పుడు బ్యాంకువాళ్లు చేయించిన ఇన్సూరెన్సు డేవిడ్‌కు గుర్తొచ్చింది.

"సరుకు కొన్న బిల్లులున్నయా?"

"ఒక్కటి సుత పోనియ్యలే. అన్నీ ఇంట్లనే ఉన్నయ్."

మొదట్లో షాపులో పెట్టిన బిల్లుల్ని ఎలుకలు కొరికేశాయి. అప్పటినుంచి సౌందర్య వరంగల్‌లో సరుకు కొన్నప్పుడల్లా మిషన్‌లో అచ్చయిన బిల్లును ప్లాస్టిక్ కవరున్న ఫైల్లో పెట్టి, నెల పేరు రాసి, ఇంటి రేకుల కింద అటక మీద దాచేది. పదోతరగతితో చదువు ఆగిపోయిందన్న దిగులు ఆ ఫైళ్లను చూస్తే కాస్త తగ్గేది.

ఇన్సూరెన్సు సర్వేయర్ వచ్చిన రోజు ఫైళ్లు దించి, కొంగుతో దుమ్ము తుడిచి, మంచం మీద వరసగా పేర్చింది. అతను మొదటిది తెరిచి కాగితాలు తిప్పుతూ పోయాడు.

"ఇందులో ఏమీ లేదే అమ్మా?"

తిరగేసి పట్టుకున్నాడేమో అనుకుని ఆమె అందుకుంది. రెండు వైపులా తెల్లగా ఉంది. ఇంకో ఫైలు తెరిచింది. అక్కడా అంతే.

"ఈ మిషన్ కాగితాలకు సిరా ఉండదమ్మా. వేడికి అచ్చు పోతుంది, ప్లాస్టిక్ కవర్లో ఇంకా తొందరగా పోతుంది. జిరాక్స్ తీసి ఉంచుకోవాల్సింది."

"నాకెవ్వలు జెప్పలే సారూ."

అతను తెల్లకాగితాలకు ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు సౌందర్య వరంగల్ హోల్‌సేల్ షాపుకు పోయింది. యజమాని రాంచందర్ ఆమెను కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు.

"నువ్వు కొన్నది నిజమే అక్కా, నాకు యాదికున్నది. గని కంప్యూటర్ ఖరాబైంది, పాత లెక్కలన్ని పోయినయ్."

"చేత్తోనన్న రాసియ్యరాదె అన్నా?"

"పాత తారీఖు వేసి రాస్తే నేను కేసుల వడ్త."

ఆమె చాయ్ ముట్టుకోలేదు.

కొన్ని నెలల తర్వాత ఇన్సూరెన్సు కంపెనీ షాపులోని అద్దాల బీరువాలకు మాత్రం డబ్బిచ్చింది. వాటికి వడ్రంగి చేత్తో రాసిన రశీదు ఉంది. ఆ సొమ్ము లోను వడ్డీలోకే పోయింది.

"మల్ల పెడదాం తీ," అన్నాడు డేవిడ్.

"దేనితోటి?"



మిరపకాయలు ఏరే రోజులొచ్చాయి. డేవిడ్ తన ఆటోలో కూలీలను దంతాలపల్లి చేన్లకు తీసుకుపోయేవాడు. ఒక పొద్దున సౌందర్య కూడా వాళ్లతో ఎక్కి కూర్చుంది. చేను దగ్గర అందరూ దిగారు. అతను ఆమె ముఖం చూడకుండా ఆటో తిప్పుకుని పోయాడు.

ఒకప్పుడు ఆమె దగ్గర గాజులు కొన్న కట్టమ్మ పక్క సాలులో ఉంది.

"అక్కా, దుకాణం మల్ల ఎప్పుడు తెరుస్తవ్?"

సౌందర్య ఘాటుకు అన్నట్టు కొంగు ముక్కుకు, నోటికి చుట్టుకుని చెట్టు మీదికి వంగింది.