అతుకుడు పనికి పేరు

పాఠకులారా, మీరెప్పుడైనా కొత్తకోటలో ఒక చేనేత ఇంటికి వెళ్లి నేసేది ఎవరని అడిగి చూడండి. మగ్గం గుంటలో కూర్చున్న మగమనిషినే చూపిస్తారు. పక్కన వేళ్లు జారకుండా అద్దుకునే బూడిద గిన్నె పెట్టుకుని, అయిపోయిన పడుగు (నిలువు పోగుల) కొనలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వేళ్లతో మెలిపెట్టి అతికే ఆడమనిషి ఎవరి కంటికీ ఆనదు. ఆ అతుకు పడనిదే మగ్గం మీద మరో చీర మొదలు కాదు. అయినా అది పని లెక్కలోకి రాదు. అలాంటి ఒక ఇంటి ఇల్లాలు ఆండాళు. అతికీ అతికీ ఆమె బొటనవేలు పగిలిపోయేది. అన్నంలో చెయ్యి పెడితే కారం మండి కళ్లలో నీళ్లు తిరిగేవి.

ఆ మంటే ఆమెను ఆలోచించేలా చేసింది. మూలన పడి ఉన్న కుట్టుమిషనుకు రెండు చిన్న రబ్బరు రోలర్లు బిగించి, వేళ్లు పెట్టే మెలికను కాలితో తొక్కి వాటి చేత పెట్టించింది. ఎన్నో పోగులు తెగాయి. చివరికి రోజంతా పట్టే పని ఒక పూటలో ముగిసింది.

పాలమూరు అని పిలుచుకునే మహబూబ్‌నగర్‌లోని ఒక ఇంజనీరింగు కాలేజీ వాళ్లు దాన్ని చూసి ముచ్చటపడ్డారు. ఇది అమెరికాలో కూడా పేటెంటుకు నిలుస్తుందని, ఖర్చు తామే పెట్టుకుంటామని చెప్పి, వసంతలక్ష్మి అనే లాయరుకు పని అప్పగించారు. కనిపెట్టిన వారి పేరు అడిగితే ఆండాళు భర్త చంద్రయ్య తన పేరు చెప్పాడు. ఆయన దొంగేమీ కాదు. చేనేత సంఘం కార్డు, కరెంటు మీటరు, సన్మానాల శాలువాలు అన్నీ తన పేరు మీదే కదా, ఇదీ అంతేననుకున్నాడు.

"చేసింది నేను గదా," అంది ఆండాళు వంటింట్లో.

"ఇంట్ల ఎవరి పేరైతేంది? అతుకుడు పనికి గూడ పేరుంటదా?" అని నవ్వాడు చంద్రయ్య.

ఆ రోజు ఆండాళు బూడిద గిన్నె ముట్టుకోలేదు.

అమెరికాకు పంపాల్సిన కాగితాలతో వసంతలక్ష్మి కొత్తకోట వచ్చింది.

"చంద్రయ్య గారూ, సంతకం పెట్టేముందు జర వినండి. ఈ ఊహ మొదట నాకే తట్టిందని మీరు ప్రమాణం చేస్తున్నరు. అబద్ధమని తేలితే పేటెంటు నిలవదు. ఇంతకీ రబ్బరు రోలర్లే ఎందుకు పెట్టిన్రు?"

చంద్రయ్య రోలర్ల వంక చూశాడు. తన బొటనవేలు చూసుకున్నాడు. దాని మీద ఒక్క పగులూ లేదు. సిగ్గుతో తల దించుకున్నాడు.

"నాకు తెల్వది మేడం. ఇన్నేండ్లల్ల నేను ఒక్క పోగు గూడ అతకలే. ఊహ ఆమెది. ప్రమాణం జేసి అబద్ధమాడలేను. ఆమె పేరే రాయుండ్రి."

"ఇనుము పోగును కోస్తది మేడం," అంది ఆండాళు గడప దాటి ముందుకు వచ్చి. "ఏలు మెత్తగుంటది. గందుకే రబ్బరు పెట్టిన."

వసంతలక్ష్మి మన దేశంలో వేసిన దరఖాస్తులోనూ, అమెరికాకు పంపేదాంట్లోనూ పేరు సరిచేయించింది. సంగతి తెలిసి చేనేత సంఘంలో తోటి నేతగాడు భిక్షపతి ఊరుకోలేదు.

"ఏందన్నా, ఇగ పెండ్లాం పేరు మీద బతుకుతవా?"

"ఇన్నొద్దులు బతికింది ఆమె అతుకు మీదనే," అన్నాడు చంద్రయ్య.

అమెరికా పేటెంటు మంజూరైంది. కాలేజీలో సభ పెట్టారు. "మన వాళ్లకు విదేశాలు ఇచ్చే పేటెంట్లను బట్టి దేశంలో కొత్త ఆలోచన ఎంత పెరిగిందో పెద్దలు కొలుస్తారు. ఆ లెక్కలో ఇవాళ పాలమూరు ఆడబిడ్డ చేరింది," అన్నారు ప్రిన్సిపాల్. అందరికన్నా ముందు లేచి చప్పట్లు కొట్టింది చంద్రయ్యే.

ఆండాళు మైకు అందుకుంది.

"అమెరికా లెక్కల నా పేరు చేరింది. శాన సంతోషం. కని గా పేరు మా ఇంట్ల చేరనీకి అమెరికా దాక పోవాల్సొచ్చింది. మీ ఇండ్లల్ల ఎవరి చేతులు పగులుతున్నయో ఇయ్యాల ఇంటికి పోయి చూడుండ్రి. దేశం తెలివిని లోకం లెక్కపెడతది. ఇంట్ల తెలివిని మాత్రం మనమే లెక్కపెట్టాలె."