సేకరించినవారు

ఒక కాలువను కాపాడడానికి ఎంతమంది అధ్యక్షులు కావాలి?

ఈ ప్రశ్నకు కాలువ పరిరక్షణ సంఘంవారు ఇంతవరకు సమాధానం చెప్పలేదు. చెప్పే తీరిక వారికి లేదు. సంఘం ఉత్తరాల కాగితం మీద అధ్యక్షుడి పేరు పైన ఉండాలా, ఎడమ పక్కన ఉండాలా అన్న విషయం తేల్చడానికి వారు రెండు సమావేశాలు జరిపారు. వేదిక మీద గౌరవాధ్యక్షుడు ఎవరి పక్కన కూర్చోవాలన్నది మూడో సమావేశానికి వాయిదా పడింది. ఆ మూడు నెలలూ అద్దకం ఫ్యాక్టరీ గొట్టంలోంచి ఊదారంగు నీళ్లు కాలువలోకి పారుతూనే ఉన్నాయి. వాటికి వాయిదాలు లేవు.

గ్రంథాలయం మేడ మీద గది వారి కార్యాలయం. అందులో ఒక పొడవాటి బల్ల, పన్నెండు ప్లాస్టిక్ కుర్చీలు ఉండేవి. పన్నెండింటిలో ఒక్కదానికే చేతులున్నాయి. ఆ కుర్చీ కోసం సభ్యులు సమావేశానికి అరగంట ముందే వచ్చేవారు. కాలుష్యం గురించి అంత సమయపాలన వారు మరెక్కడా చూపలేదని పాఠకులు గమనించాలి.

సంఘంలో పదకొండు మంది ఉన్నారు. అధ్యక్షుడు, గౌరవాధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు, కార్యదర్శి, ఇద్దరు సంయుక్త కార్యదర్శులు, కోశాధికారి, ప్రచార కార్యదర్శి, సలహాదారు కలిసి పది మంది. మిగిలిన ఒక్కరే సభ్యురాలు. ఆమెను అందరూ సీసాలక్క అంటారు.

సీసాలక్క ఇరవయ్యారేళ్లు ఒక ఆసుపత్రి రక్తపరీక్షల గదిలో ఆయాగా పనిచేసి విరమించింది. ఒకరి రక్తం సీసాకు మరొకరి పేరు అంటితే ఏమవుతుందో ఆమెకు తెలిసినంతగా ఆ పది మందిలో ఎవరికీ తెలియదు. ఈ కథలో అన్నిటికన్నా విచారకరమైన సంగతి అదే.

ప్రతి నెలా మొదటి శనివారం తెల్లవారకముందే ఆమె కాలువ దగ్గరకు వెళ్లేది. లాకు గోడకు బిగించిన ఇనుప నిచ్చెన పట్టుకుని పదకొండు మెట్లు దిగేది. సీసా మూతిని ప్రవాహానికి ఎదురుగా పట్టి, నీటి లోపలే నింపి, గాలిబుడగ చొరబడకుండా నీటి లోపలే మూత బిగించేది. గొట్టానికి ఎగువన ఒకటి, దిగువన ఒకటి, తమ సందులోని బావి నుంచి ఒకటి. మూడింటినీ మంచు పెట్టెలో సర్ది, సేకరించినవారి పేరు రాసిన ఒక చీటీ పెట్టెకు అంటించి, గంటంపావు బస్సులో ప్రయాణించి, పది లోపల పరీక్షశాలలో అప్పగించేది. ఆ పరీక్షశాల నెలకు ఒక్క శనివారమే బయటివారి సీసాలు తీసుకుంటుంది. సంఘం సమావేశం కూడా ఆ శనివారమే, తొమ్మిది గంటలకు. అందరికీ వీలైన రోజు అదేనని తీర్మానించారు. ఆ 'అందరి'లో సీసాలక్క లేదు.

అద్దకం ఫ్యాక్టరీవారు తాము వదిలే నీటిని రెట్టింపు చేసుకోవడానికి అనుమతి అడిగారు. దానిమీద అభ్యంతరం చెప్పాలంటే వరుసగా పన్నెండు నెలల నీటి పరీక్షల నివేదికలు చూపాలని నిబంధన. ఆ నివేదికలు సీసాలక్క సీసాల్లోంచి రావాలి.

ఆమెకు ఇది ఉత్త సేవ కాదు. ఆమె కోడలు కాలువ నీరు ఊరే ఆ బావి నీళ్లతో ఒక లాడ్జికి దుప్పట్లు ఉతికేది. కొడుకు వేరే ఊళ్లో లారీ నడుపుతూ ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. ఇల్లు నడిచేది దుప్పట్ల మీదే. ఏడాదిగా తెల్ల దుప్పట్లకు లేత పసుపు చాయ పడుతోంది. కోడలి వేళ్ల సందుల్లో చర్మం పొరలు పొరలుగా ఊడుతోంది.

"ఇంకొక్కసారి పచ్చబడి వచ్చాయంటే మెషీన్‌వాళ్లకి ఇచ్చేస్తానమ్మా. గదికి వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటున్నారు," అని లాడ్జి మేనేజరు అప్పటికి రెండుసార్లు చెప్పాడు.

ఇక సంఘం సంగతి. మరో ఏడాదికి ఎన్నికలు రానున్నాయి. అధ్యక్ష పదవికి ముగ్గురు సిద్ధమయ్యారు. ఒకరు రెండేళ్లుగా ఆ కుర్చీలో ఉన్న విశ్రాంత అధ్యాపకుడు, మాస్టారు. ఇంకొకరు మందుల షాపాయన. మూడోవారు ఇన్సూరెన్సు మేడమ్.

"మాస్టారూ, రెండేళ్లూ మీరే ఉన్నారు కదండీ. మాకూ ఒక అవకాశం ఇవ్వొచ్చుగా?" అన్నాడు మందుల షాపాయన.

"అవకాశం ఏమిటయ్యా? ఇదేమన్నా రైల్లో సీటా, వంతులవారీగా కూర్చోవడానికి?"

"సీటు కాదు గనకే అడుగుతున్నా. రైల్లో అయితే మీ స్టేషన్ ఎప్పుడొస్తుందో తెలిసేది."

అందరూ నవ్వారు. మాస్టారు కళ్లజోడు తుడుచుకున్నారు. ఇన్సూరెన్సు మేడమ్ లేచి నిలబడింది.

"ఈ గొడవంతా ఎందుకండీ? పని చేసినవాళ్లకే పదవి. ఏడాదిలో కనీసం నాలుగుసార్లు కాలువ దగ్గర నీళ్లు పట్టినవాళ్లే పోటీకి అర్హులని రాసుకుందాం. రుజువు కావాలా? పరీక్షశాల కాగితం మీద 'సేకరించినవారు' అని ఒక గడి ఉంటుంది కదా, అందులో పేరుండాలి. అంతే."

బల్ల చరిచారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. నిజానికి ఆ సంఘం చేసిన తీర్మానాలన్నిటిలో వివేకమైనది అదొక్కటే. పన్నెండు నెలలు, ముగ్గురు అభ్యర్థులు, తలా నాలుగు. ఆ ముగ్గురూ ఏ రగడా లేకుండా పంచుకున్నది కూడా అదొక్కటే.

అయితే నిచ్చెన దిగింది ఎవరు?

మొదటి శుక్రవారం సాయంత్రం సీసాలక్కకు మాస్టారి నుంచి ఫోను వచ్చింది.

"చెల్లెమ్మా, రేపు నేను నీళ్లు పట్టాలి కదా. మోకాలు సహకరించడం లేదు. నువ్వెలాగూ వెళ్తావుగా? చీటీ మీద నా పేరు వేసెయ్. పనంతా సంఘానిదే కదమ్మా, నీదీ నాదీ అని ఏముంది?"

పై నెల మందుల షాపాయన. "అక్కా, షాపు వదిలి రాలేను. నీకు పుణ్యం ఉంటుంది, నా పేరు రాయి."

ఆపై నెల ఇన్సూరెన్సు మేడమ్. "అక్కా, రూలు పెట్టిందే నేను కదా, నా పేరు లేకపోతే బావుండదు. నీకెలాగూ పోటీ చేసే ఉద్దేశం లేదాయె."

కోడలు దుప్పటి పిండుతూ ఈ మాటలన్నీ విన్నది.

"అత్తయ్యా, దిగేది మీరు, తడిసేది మీరు. పేరు వాళ్లదా?"

"పేరు ఏం చేసుకుంటానే? నీళ్లు బాగుపడితే చాలు. పేరు కోసం గొడవ పడితే రేపు అసలు సంఘమే ఉండదు."

"ఆసుపత్రిలో ఇలాగే రాసేవారా?"

సీసాలక్క నాలుగో నెల చీటీ తీసుకుంది. దానిమీద మళ్లీ మాస్టారి పేరు గుండ్రటి అక్షరాలతో రాసి, తడి తగలకుండా పైన టేపు అంటించింది. ఆమె చేతిరాత బాగుంటుంది. ఆ ఏడాది పన్నెండు శనివారాలూ అది అంతే బాగుంది.

విచారణ రోజు రానే వచ్చింది. కాలుష్య నియంత్రణ కార్యాలయంలో పొడవాటి గది, పైన పాత ఫ్యాను, ఎదురుగా బల్ల వెనక నడివయసు దాటిన అధికారిణి. ఫ్యాక్టరీ తరఫున ఒక న్యాయవాది. ఇటువైపు సంఘం. ముందు వరుసలో ఎవరు కూర్చోవాలన్న దానిమీద మెట్ల దగ్గరే చిన్న వాదన జరిగిపోయింది. సీసాలక్క, కోడలు చివరి బెంచీ మీద కూర్చున్నారు.

నివేదికలు గట్టివి. ఎగువ నీటికీ దిగువ నీటికీ ఉన్న తేడా ఎంత మొండివాడినైనా ఒప్పించేలా ఉంది. అధికారిణి కాగితాలు తిప్పుతూ రెండుసార్లు తల పంకించింది. కోడలు అత్తగారి మోచేతిని గట్టిగా పట్టుకుంది.

అప్పుడు న్యాయవాది లేచాడు.

"అయ్యా, ఏడో నెల సీసాలు సేకరించినవారు మీరేనా?" అని మాస్టారిని అడిగాడు.

"నేనే."

"చాలా కష్టపడ్డారు. నీటి దాకా ఎలా దిగారండీ?"

"ఎలా ఏముంది? మెట్లు దిగి."

"రాతి మెట్లా, సిమెంటు మెట్లా?"

మాస్టారు పక్కకు చూశారు. పక్కనున్న మందుల షాపాయన పైనున్న ఫ్యానును చూస్తున్నాడు.

"రాతివి," అన్నారు మాస్టారు.

"అక్కడ మెట్లే లేవండీ. గోడకు ఇనుప నిచ్చెన ఉంది." న్యాయవాది గొంతు ఏమాత్రం పెరగలేదు. పరీక్షశాలలో తీయించిన పన్నెండు చీటీల ఫోటోలు సంచిలోంచి తీసి అధికారిణి ముందు వరుసగా పరిచాడు. "మేడమ్, పన్నెండు చీటీలు. మూడు పేర్లు. చేతిరాత మాత్రం ఒక్కటే. ముగ్గురూ ఒకే బడిలో చదివారేమో నాకు తెలియదు."

గది నవ్వింది. సంఘం నవ్వలేదు.

సీసాలక్క లేచి నిలబడింది. "నేనే తీశానమ్మా. పన్నెండు నెలలూ నేనే. ఒక్క బుడగ కూడా పోనివ్వలేదు. ఆ నీళ్లు నిజమే."

"చీటీ మీద మీ పేరు ఎందుకు లేదు?"

"వాళ్లు అడిగారు. గొడవలెందుకని రాసిచ్చాను."

అధికారిణి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఆమె గొంతులో కోపం కన్నా విసుగే ఎక్కువగా ఉంది.

"అమ్మా, మీరు చెప్పేది నేను నమ్ముతున్నాను. నా నమ్మకం మీద ఫ్యాక్టరీని ఆపలేను. పేరు అబద్ధమైన సీసాలో నీళ్లు నిజమని నేను రాయలేను. రాస్తే రేపు పై కార్యాలయం నన్నే తప్పు పడుతుంది. మళ్లీ పన్నెండు నెలలు తీసుకురండి. అప్పటిదాకా వారి అనుమతిని ఆపడానికి నా దగ్గర ఆధారం లేదు." ఆపై ముందు వరుస వైపు తిరిగింది. "కాలువ మీద ప్రేమ ఉన్నవాళ్లు చాలామంది వస్తారు నా దగ్గరకు. ఫ్యాక్టరీవాళ్ల చేతుల్లో ఓడిపోయినవాళ్లు తక్కువ. తమలో తాము ఓడిపోయి వచ్చేవాళ్లే ఎక్కువ."

ఇద్దరూ బస్సు ఎక్కారు. కూర్చున్నాక కోడలు రెండు చేతులూ ఒళ్లో పరిచి చూపించింది.

"చూడండి అత్తయ్యా. మీరు మంచివారని అందరూ అంటారు. మీ మంచితనం రంగు నా చేతులకు అంటింది. ఇంకో ఏడాది అట. లాడ్జివాడు ఏడాది ఆగుతాడా?"

ఆగలేదు. పదిహేను రోజులకే దుప్పట్ల మూటలు వేరే చోటికి వెళ్లిపోయాయి.

ఇంత జరిగాక సంఘం ఏం చేసింది? అత్యవసర సమావేశం పెట్టింది. ఓటమికి కారణాలు కనుక్కోవడానికి ఒక ఉపసంఘం వేయాలని తీర్మానించింది. ఆ ఉపసంఘానికి అధ్యక్షుడు ఎవరన్న దగ్గర చర్చ ఆగిపోయింది.

ఆ సమావేశానికి సీసాలక్క మొట్టమొదటిసారి వచ్చింది. వెంట కోడలు కూడా ఉంది. సీసాలక్క చేతిలో నామినేషను కాగితం ఉంది.

"అధ్యక్ష పదవికి నేను నిలబడుతున్నాను," అన్నది.

మందుల షాపాయన రికార్డు తెరిచాడు. అర్హతలు పరిశీలించే బాధ్యత అతనిది. గొంతు సవరించుకుని, ఎవరి మొహమూ చూడకుండా చదివాడు. "క్షేత్రసేవ... సున్నా. సమావేశాల హాజరు... సున్నా. ఏమీ అనుకోకు అక్కా. రూలు రూలే. నామినేషను చెల్లదు."

పన్నెండు నెలల సీసాలు ఎవరు నింపారో ఆ గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ విచారణలో చెవులారా విన్నారు. ఇన్సూరెన్సు మేడమ్ పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

"అదేమిటండీ, అందరికీ తెలిసిందేగా!" అన్నది కోడలు.

"నువ్వు సభ్యురాలివి కావమ్మా. మాట్లాడకూడదు," అన్నారు మాస్టారు.

సీసాలక్క కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. ఆ తర్వాత ఆమె మాట్లాడింది. గొంతు పెంచలేదు. ఆసుపత్రిలో రోగి బంధువులకు చెప్పే తీరుగా, ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది.

"తప్పు నాది కూడా. నా పేరు నేను కొట్టేసుకున్నాను. గొడవ వద్దనుకున్నాను. ఆ గొడవేదో అప్పుడే మీతో పడి ఉంటే నా కోడలి పని మిగిలేది. మాస్టారూ, అణకువ అని నేను అనుకున్నది పిరికితనం. నాయకత్వం అని మీరనుకున్నది దొంగతనం. రెండూ కలిసి ఫ్యాక్టరీకి ఏడాది రాసిచ్చాయి. నలభై ఇళ్ల బావి అది. వచ్చే శనివారం నేను దిగుతాను. చీటీ మీద నా పేరే రాస్తాను. మీలో ఎవరికైనా అక్కడ పేరు కావాలంటే నిచ్చెన దగ్గరకు రండి, దిగడం నేర్పిస్తాను."

ఆ శనివారం నిచ్చెన దగ్గరకు కోడలు ఒక్కతే వచ్చింది. ఉతకడానికి దుప్పట్లు లేవు కనుక ఆమెకు తీరిక ఉంది. ఆ వేళకే గ్రంథాలయం మేడ మీద చేతుల కుర్చీ కోసం పది మంది ఇంకా తెరవని తలుపు ముందు నిలబడి ఉన్నారు.

చదువరీ, మీరు కూడా ఏదో ఒక సంఘంలో ఉండే ఉంటారు. చెట్ల కోసమో, చెరువు కోసమో, చెత్త కోసమో. మీ పేరు ముందు ఏదో ఒక హోదా కూడా ఉండే ఉంటుంది. నన్ను క్షమించండి, ఆ హోదా నాకు అక్కర్లేదు. పోయిన నెలలో మీ చేతులతో మీరు చేసిన పని ఒక్కటి చెప్పండి. చెప్పలేకపోతే ఒక తెల్లకాగితం తీసుకుని మీ రాజీనామా రాయండి. రేపటికి వాయిదా వేయకండి, ఇప్పుడే రాయండి.