గుండుసూదులు గుచ్చిన ఆకులు

తొమ్మిదేళ్లుగా నేను గీస్తున్నది ఒక్కటే ఆకు. ఒకసారి కంప్యూటర్లో గీసి పారేశాను. అప్పట్నుంచి మా బట్టల కంపెనీ దాన్నే తిప్పి, వంచి, ఒక ఏడాది ఎర్రగా, ఇంకో ఏడాది నీలంగా గౌన్ల మీద అచ్చు వేసుకుంటోంది. మా యజమానికి నేను పెట్టుకున్న పేరు రిపీటు సారు. ఏ డిజైను చూపించినా ఆయన మొదటి ప్రశ్న ఒకటే, "రిపీటు వస్తుందా?" అంటే, బొమ్మ అయిపోయిన చోటే అతుకు కనపడకుండా మళ్లీ మొదలవ్వాలి. వెయ్యి మీటర్లయినా సరే, మొదటి మీటరు చూస్తే చాలు.

నెల కిందట ఆయన అదే ఆకును వంకాయ రంగులో అడిగాడు. "కొంచెం వెనక్కి తిరిగినట్టు పెట్టు, వెరైటీగా ఉంటుంది" అన్నాడు. సరేనని కూర్చున్నాను. చెయ్యి కదల్లేదు. ఆకు వెనకవైపు ఎలా ఉంటుందో నాకు గుర్తు రాలేదు.

ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కాదు, నా మీద నాకే. విసురుగా లేచి కిందికి దిగి, గేటు పక్కనున్న బాదం చెట్టు ఆకు ఒకటి కోసి తిరగేశాను. ఈనెలు పైకి తేలి ఉన్నాయి. వేలితో తడిమితే తగులుతున్నాయి. చిన్నపిల్లలా అక్కడే అరగంట నిలబడ్డాను. పైకొచ్చి, ఆ ఊపులోనే, ఇక ఆకులు గీయను, అసలు ఆకుల్నే గుడ్డకి ఎక్కిస్తానని సారుకి చెప్పేశాను. ఆకుల్ని తడిగుడ్డ మీద పరిచి, బిగించి చుట్టి, ఆవిరి పట్టిస్తే వాటి రంగూ అంచూ ఈనెలూ గుడ్డకి దిగుతాయని ఎక్కడో చదివాను. చదవడమే, చేసింది లేదు.

"సోమవారం పదింటికి నాలుగు మీటర్లు చూపించు. నచ్చితే చూద్దాం, లేకపోతే వంకాయ రంగు" అన్నాడు సారు. వంకాయ రంగంటే నాకు భయం లేదు. ఈసారి తలొంచుకుని గీశానంటే మళ్లీ జన్మలో తలెత్తనని భయం. నా సంగతి నాకు తెలుసు.

మా మేనత్త నాతోనే ఉంటుంది. ముప్పై నాలుగేళ్లు జాకెట్లు కుట్టిన మనిషి. నేను పాడుచేసిన మూడు గుడ్డలూ చూసి ఊరుకోలేదు. మొదటిదాని మీద అసలేమీ పడలేదు. రెండోదాని మీద టీ ఒలికినట్టు మరకలు. మూడోదాని సంగతి నేను చెప్పనే చెప్పను.

"మసిగుడ్డ కావాలంటే అడిగితే నేనే ఇద్దును కదే. ఇంత గ్యాసు తగలెయ్యడం ఎందుకు?" అంది.

ఆదివారం మధ్యాహ్నానికి ఆఖరి గుడ్డ మిగిలింది. రంగు పట్టడానికి పటిక నీళ్లలో నానబెట్టి, పిండి, మంచం మీద పరిచాను. బాదం ఆకులు, జామాకులు, వెనకవైపు గుడ్డకి ఆనేలా ఒక్కొక్కటీ పేర్చాను. తీరా చూస్తే కట్టడానికి పురికొస లేదు. "దేన్నీ ముట్టుకోకు అత్తా" అని చెప్పి బజారుకి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి గుడ్డను కర్రకి చుట్టేసి, దాని మీద మరో పాత చీర చుట్టి, ఎక్కడా వదులు లేకుండా కుట్టు కూడా వేసేసింది.

"ఆకులు జరుగుతున్నాయే. జరిగే గుడ్డను చూస్తూ కూర్చోవడం నా వల్ల కాదు" అంది.

చుట్ట చక్కగా ఉంది. నోరు మూసుకుని రెండు గంటలు ఆవిరి పట్టించి, చల్లారడానికి వదిలేశాను.

సోమవారం ఏడింటికి కుట్లు విప్పాను. ఒక్క చుట్టు తిప్పానో లేదో, టంగుమని ఏదో నేల మీద పడింది. గుండుసూది. ఇంకో చుట్టుకి ఐదారు రాలాయి. ప్రతి ఆకుకీ నాలుగేసి సూదులు గుచ్చింది మహాతల్లి. అవి కూడా తన పాత డబ్బాలోవి, సగానికి సగం తుప్పు పట్టినవి. సూది గుచ్చిన ప్రతిచోటా నల్లటి చుక్క.

"నా కొంప ముంచావు కదత్తా. ముట్టుకోవద్దన్నాను కదా" అని అరిచాను.

"ముట్టుకోలేదు, గుచ్చాను" అంది గానీ, ఆవిడ మొహం చిన్నబోయింది.

కోపంగా మిగతాది లాగిపారేశాను. గుడ్డ మొత్తం మంచం మీదికి పడింది. తుప్పు ఆకు రసంతో కలిసి, చుక్క దగ్గర ఆగకుండా ఈనెల్లోకి పాకింది. పసుపుపచ్చటి ఆకు మీద సన్నటి నల్లటి ఈనెలు, వెంట్రుకంత ఈనె కూడా వదలకుండా. ఒక ఆకుకి పురుగు కొరికిన కన్నం అలాగే పడింది. అలాంటి కన్నం నేను గీసి ఉంటే సారు చెరిపించేవాడు. అత్తను గట్టిగా వాటేసుకున్నాను.

"సూదులేరనీ, కాళ్లకి గుచ్చుకుంటాయి" అని విడిపించుకుంది.

పదింటికి కంపెనీలో గుడ్డలు కోసే పెద్ద బల్ల మీద పరిచాను. సారు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు. మళ్లీ వెనక్కి నడిచాడు.

"బాగుంది. రిపీటు వస్తుందా?"

"రాదు సార్. ఏ రెండు ఆకులూ ఒకలా ఉండవు."

"మరెలా కోస్తాం? అరవై మడతలు ఒకదాని మీద ఒకటి పేర్చి మిషనుతో కోస్తాం మనం. ఇందులో దేని మీద ఏ ఆకు పడుతుందో ఎవరికి తెలుసు?" అంటూ అప్పుడే వెనక్కి తిరుగుతున్నాడు. "దీన్నే ఫొటో తీసి కంప్యూటర్లో పెట్టు. కన్నాలు పూడ్చు."

"పూడ్చను సార్" అన్నాను. "వంకాయ రంగూ గీయను. ఇంకెవరినైనా చూసుకోండి."

అప్పుడు మా కటింగు మాస్టరు ముందుకొచ్చాడు. రోజంతా మిషను మోతలో ఉండే మనిషి, ఆయన గొంతు నేను విన్నదే తక్కువ. గౌను కొలతకి కత్తిరించిన అట్టముక్క తెచ్చి గుడ్డ మీద పెట్టి, జరిపి, మళ్లీ జరిపి, పురుగు కొరికిన ఆకు సరిగ్గా భుజం మీదికి వచ్చేలా ఆపాడు.

"నేను ఒక్కొక్కటీ కోస్తాను సార్, చేత్తో."

"ఎంతసేపు పడుతుందో తెలుసా?"

"ఎంత పడితే అంత. ఇరవై రెండేళ్లుగా గుడ్డ కోస్తున్నాను. ఇంతవరకు చూసి కోయాల్సిన గుడ్డ నాకెవరూ ఇవ్వలేదు."

సారు జవాబు కోసం ఆయన ఆగలేదు. మోటారు ఆపించి, అరలోంచి పెద్ద కత్తెర తీశాడు. కుట్టుపని చేసే ఆడవాళ్లు ఒక్కొక్కరూ లేచి వచ్చి బల్ల చుట్టూ నిలబడ్డారు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. కత్తెర కదులుతుంటే ఆ శబ్దం గది మొత్తానికీ వినిపించింది.

సారు కూడా వెళ్లలేదు. మెడ దగ్గర గుండ్రం పూర్తయి కత్తెర ఆగేదాకా చూసి, "ముప్పై గౌన్లు చేయండి" అన్నాడు.